సంచార స్మారకం

పాత కంప్యూటర్ల విలువను ప్రభుత్వం ఎప్పటికైనా గుర్తించాలని హోమియో డాక్టర్ పెనుమర్తి కేదారేశ్వరరావు చాలా ఏళ్లుగా కోరుకుంటూ ఉండేవాడు. ప్రభుత్వం గుర్తించింది. గుర్తించిన కొద్ది రోజులకే అతని ఇంటి ముందు గదిలో ఉన్న కంప్యూటర్లన్నిటికీ లక్క సీళ్లు పడ్డాయి.

గౌతమీపురంలో అతన్ని కేదారి డాక్టరుగారంటారు. పొద్దున పూట మనుషులకు తెల్ల మాత్రలిస్తాడు, సాయంత్రం పూట కంప్యూటర్లకు వైద్యం చేస్తాడు. ఇద్దరిలో కంప్యూటర్లే తొందరగా కోలుకుంటాయని అతని భార్య సువర్చల అభిప్రాయం. చుట్టుపక్కల ఏ పాత సామాన్ల కొట్టులో ఏ మూల కంప్యూటరు కనిపించినా కేదారికి కబురొచ్చేది. అలా చేరినవే ఆ గదిలో ఉన్నవన్నీ. టీవీకి తగిలించి వాడే రబ్బరు మీటల స్పెక్ట్రమ్ ఒకటి. క్యాసెట్టు పెడితే కీచుమని అరుస్తూ ఆటను లోపలికి లాక్కునే కమడోర్ ఒకటి. చేతిలో పట్టే చిన్న కంప్యూటర్లు ఒక బీరువా నిండా. ఏళ్లు గడిచి పసుపెక్కిన మీటలను మందు నీళ్లలో ముంచి డాబా మీద ఎండబెట్టేవాడు. ఒక పక్క సువర్చల పెట్టిన గుమ్మడి వడియాలు, ఇంకో పక్క అతని మీటలు. ఒకసారి కాకి వడియాలన్నీ వదిలేసి ‘ఎంటర్’ మీటనే ఎత్తుకుపోయింది. తన వడియాలకు ఇంతకు మించిన అవమానం జరగలేదని సువర్చల ఇప్పటికీ చెబుతుంది.

ఆదివారం మధ్యాహ్నం తలుపులు బార్లా తెరిచి పెట్టేవాడు. ఎవరైనా రావచ్చు, ఏ మీటైనా నొక్కచ్చు. ఎదురింటి మంగతాయారు వయసు అరవై దాటింది. బంతితో ఇటుకలు పగలగొట్టే ఆటలో ఆవిడను కొట్టినవాళ్లు ఊళ్లో లేరు. “నడుస్తుంటేనే మనిషి, నడుస్తుంటేనే మిషను,” అనేవాడు కేదారి. “మూల పడేస్తే రెండూ తుప్పే.”

అన్నిటిలోకీ అతనికి ప్రాణం ఒక టూ ఎయిటీ సిక్స్. ఆకుపచ్చ అక్షరాల తెర, ఇనుప పెట్టె. కాలేజీ రోజుల్లో రెండేళ్లు కూర్చుని, గళ్ల కాగితం మీద చుక్కలు పెట్టుకుని, తెలుగు అక్షరాలన్నీ ఆ మిషనులోకి ఎక్కించాడు. తన పెళ్లి శుభలేఖ ఆ అక్షరాలతోనే అచ్చు వేశాడు. ఆ అక్షరాలున్న డిస్కు ఆ పెట్టెకు తప్ప ఇంకో కంప్యూటరుకు లొంగదు. ఆ పెట్టె పోతే అవీ పోతాయి. ఆ పెట్టె లోపల ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. ముసలిదైతే అది కారుతుంది. కారిన మందు లోపల కరెంటు పారే సన్నటి రాగి గీతలను చెదపురుగు తిన్నట్టు తింటుంది. అందుకే కొన్నేళ్లకోసారి పీకి కొత్తది వేయాలి. ఆ వారం మూత తీసి చూస్తే బ్యాటరీ మొన మీద తెల్లటి పొడి కనిపించింది. ఆదివారం తీసేద్దామని టంకం సామాను సిద్ధం చేసుకున్నాడు.

శనివారం నాడు ప్రభుత్వం వచ్చింది.

దీని వెనక కథ చిన్నదే. మంత్రిగారు విదేశాలు వెళ్లినప్పుడు ఒక మ్యూజియంలో పాత కంప్యూటర్ల ముందు జనం బారులు తీరి నిలబడడం చూశారు. తిరిగొచ్చి, “మన తాతల నాటి కంప్యూటర్లేవీ?” అని అడిగారు. తాతల నాడు కంప్యూటర్లు లేవని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. వెంటనే ప్రాచీన గణన యంత్ర పరిరక్షణ శాఖ ఏర్పడింది. పాతికేళ్లు నిండిన ప్రతి కంప్యూటరూ జాతి సంపద అయిపోయింది. నిబంధనలు కొత్తగా రాసే వ్యవధి లేదు. కోటలకూ గోపురాలకూ ఉన్న పాత నిబంధనలే తెచ్చి, ‘కట్టడం’ అన్న చోటల్లా ‘గణన యంత్రం’ అని మార్చారు. పని ఒక్క పూటలో అయిపోయింది.

వివరాలు నమోదు చేసుకోండని ప్రకటన రాగానే జిల్లాలో అందరికన్నా ముందు నమోదు చేసుకున్నది కేదారే.

“గవర్నమెంటోళ్లు మెచ్చుకున్నారంటే మనింట్లో ఏదో పోద్దండి,” అంది సువర్చల.

“ఛ, ఊరుకో. ఇన్నాళ్లకి మన మిషన్లకి గౌరవం వచ్చింది,” అన్నాడు కేదారి.

గౌరవం జీపులో దిగింది. ముందు శాఖ సహాయ సంచాలకులు హరిశ్చంద్రప్రసాద్ గారు, వెనక లక్క, కొవ్వొత్తి, నీలం రంగు బోర్డులు పట్టుకున్న సిబ్బంది. ఆయన అంతకు ముందు కోటల శాఖలో పనిచేశారు. గుమ్మంలోనే చెప్పులు విప్పి, స్పెక్ట్రమ్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“ఇది ఏ కాలం నాటిది?”

“ఎనభై రెండండి.”

“క్రీస్తు శకము ఎనభై రెండు!” ఆయన కళ్లు చెమర్చాయి. “శాతవాహనులు!”

“కాదండి. పంతొమ్మిది వందల ఎనభై రెండండి.”

ఆయన కొంచెం నిరుత్సాహపడి, వెంటనే సర్దుకున్నారు. “పరవాలేదు. నిబంధన ప్రకారము పాతికేండ్లు చాలును. ఇది శిథిలమా, పూర్ణమా?”

“నడుస్తుందండి. చూపిస్తాను,” అని కేదారి ఉత్సాహంగా కమడోర్ దగ్గరికెళ్లి క్యాసెట్టు నొక్కాడు. అది అలవాటు ప్రకారం కీచుమని అరిచింది. సిబ్బంది గుమ్మం బయటికి పరుగెత్తారు.

“ఆపండి! సదరు సంపద ఆర్తనాదము చేయుచున్నది!” అన్నారు హరిశ్చంద్రప్రసాద్ గారు. “ఇకమీదట ఏ యంత్రమునకు విద్యుత్తు ప్రసరింపజేయరాదు. మీట నొక్కరాదు. మూత విప్పరాదు. దుమ్ము సైతము సంపదలో అంతర్భాగమే గనుక తుడవరాదు.”

కేదారికి అప్పటికి విషయం అర్థమైంది. గబగబా వెళ్లి టూ ఎయిటీ సిక్స్ మీద చెయ్యి వేశాడు. “అయ్యా, అన్నిటికీ వేసుకోండి సీళ్లు. ఈ ఒక్కదానికి మాత్రం మూత తీసి బ్యాటరీ పీకెయ్యనివ్వండి. అయిదు నిమిషాల పని. లేకపోతే కారిపోయి లోపలంతా తినేస్తదండి.”

“ఆ బ్యాటరీ యంత్రముతోపాటు పుట్టినదా?”

“లేదండి. నేనే వేశాను, కొన్నేళ్ల కిందట.”

“అనగా తదనంతర కాలపు చేర్పు. చేర్పులను తొలగించుటకు నిపుణుల సంఘము కూర్చొనవలెను. దరఖాస్తు చేసుకొనుడు.” ఆయన స్వయంగా కొవ్వొత్తి పట్టుకోగా టూ ఎయిటీ సిక్స్ మూత మీద ఎర్రటి లక్క చుక్కలు పడ్డాయి.

అంతా అయిపోయి వెళ్లబోతుండగా కేదారి చొక్కా జేబులోంచి టింగుమని చప్పుడొచ్చింది. అది అతని అరచేతి కంప్యూటరు. చిన్న పుల్లతో తెర మీద రాస్తే రాసుకుంటుంది. రోగుల వివరాలు అందులోనే ఉంటాయి. ఎవరికి ఎప్పుడు మందు మార్చాలో టింగుమని గుర్తు చేస్తుంది.

“దాని వయస్సెంత?” అన్నారు సంచాలకులు.

కేదారి అబద్ధమాడే మనిషి కాదు. “ఈ మధ్యే పాతిక దాటిందండి.”

ఆయన చాలాసేపు ఆలోచించారు. గోడ పక్కన ఉన్నదాన్ని గోడ పక్కనే సీలు వేయొచ్చు. జేబులో ఉన్నదాని సంగతేమిటి? నిబంధన స్పష్టంగా ఉంది. స్మారకాన్ని అది దొరికిన స్థానం నుంచి కదపకూడదు.

“ఇది లభ్యమైన స్థానము ఎడమ జేబు,” అని తేల్చారు. “కావున ఎడమ జేబులోనే ఉండవలెను. జేబు కదిలిన అది కదులును. దానికి అభ్యంతరము లేదు. ఇది మన రాష్ట్రమునకు మొదటి సంచార స్మారకము.”

“మరి సెల్లులు మార్చాలి కదండీ. లేకపోతే రోగుల వివరాలన్నీ చెరిగిపోతాయి.”

“ధూపదీప నైవేద్యముల కింద అనుమతించడమైనది.”

కేదారి జేబుకు ఒక బుల్లి నీలం బోర్డు పిన్నుతో గుచ్చి, ఆయన జీపెక్కారు. ‘రక్షిత స్మారకం’ అని ఉంది దాని మీద.

మర్నాడు ఆదివారం. తలుపులు తెరుచుకోలేదు. సోమవారం మంగతాయారు గుమ్మంలోకొచ్చి నిలబడింది. ఆవిడ మేడ మీద ఒక వాటా వేయిస్తోంది. గోడలు లేచాయి, స్లాబు పడాలి. పొద్దున్నే మున్సిపాలిటీ మనిషి టేపు పట్టుకొచ్చి కొలిచి, పని ఆపించి వెళ్లాడు. రక్షిత స్మారకానికి వంద మీటర్ల లోపల ఇటుక మీద ఇటుక పెట్టకూడదట.

“డాక్టరుగారండోయ్! మీ డబ్బా మూలంగా నా డాబా ఆగిపోయిందండి!”

“నేనేం చేశానండీ మంగతాయారు గారూ, నా డబ్బాలు నన్నే ముట్టుకోనివ్వట్లేదు.”

“ఇన్నాళ్లూ నేను మీ ఇంట్లో ఉత్తుత్తి ఇటుకలు పగలగొట్టాను. ఇప్పుడు మీరు నా అసలు ఇటుకల మీద పడ్డారు,” అని ఆవిడ కొంగు దులిపి వెళ్లిపోయింది. పాతికేళ్ల స్నేహం. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఇంటి కిటికీ ఇటువైపు తెరుచుకోలేదు.

ఇంట్లో ఉన్న కంప్యూటర్లతో వీధి వరకే ఇబ్బంది. జేబులో ఉన్నదానితో ఊరంతటికీ వచ్చింది. కేదారి కూరగాయలకెళితే మార్కెట్ పక్కన కడుతున్న మురుగు కాలువ పని ఆగింది. మేస్త్రీ అతని జేబు మీది బోర్డు చూసి, తాపీ కింద పెట్టి, బీడీ వెలిగించాడు. కేదారి వెళ్లిపోయాక మొదలెడదామంటే వీలు లేదు. ఒకసారి స్మారక పరిధిలోకొచ్చిన కట్టడం మీద విచారణ జరగాలి, అప్పటిదాకా యథాతథ స్థితి. సదరు కాలువ పరిధిలోనికి స్మారకము వచ్చినదా, స్మారకము పరిధిలోనికి కాలువ వచ్చినదా అని తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. అది ఇంకా తేల్చలేదు. కాలువ సగం దాకా వచ్చి నడిరోడ్డులో నీళ్లు వదిలేసింది.

ఊళ్లో బుల్లియ్యకు ఒక పాత కల్యాణ మండపం ఉంది. దాని ఎదురుగానే తాతాజీ కొత్తది, ఏసీది, కట్టిస్తున్నాడు. అంతకు ముందు బుల్లియ్య కేదారిని చూసి ఎన్నడూ నవ్విన పాపాన పోలేదు. ఒకరోజు ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు.

“డాక్టరుగారూ, మోకాళ్ల నొప్పులండి. మండపంలోనే కూర్చుంటాను, ఓసారొచ్చి చూద్దురూ. మంచి కాఫీ ఇప్పిస్తాను.”

కేదారి పాపం మందుల పెట్టె పట్టుకుని వెళ్లాడు. కాఫీ సగం తాగేసరికి ఎదురుగా సిమెంటు కలిపే మిషను ఆగిపోయింది. బుల్లియ్య మోకాళ్ల నొప్పులు అక్కడికక్కడే తగ్గిపోయాయి. ఆ సాయంత్రమే తాతాజీ వచ్చి అరుగు మీద కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. “మీరు నాకేం అపకారం చెయ్యలేదని తెలుసండి. కానీ మాఘమాసం ముహూర్తాలకి ఆరు పెళ్లిళ్లు ఒప్పుకున్నానండి బాబూ!”

దాంతో కేదారి బయటికెళ్లడం బాగా తగ్గించాడు. ఇల్లు కట్టుకునేవాళ్లు అతన్ని చూస్తే పక్క సందులోకి తప్పుకునేవాళ్లు. పక్కవాడి ఇల్లు ఆపాలనుకునేవాళ్లు మాత్రం వరసగా పిలుపులకొచ్చేవాళ్లు. రోగులు రావడం తగ్గింది. వచ్చినవాళ్లు కూడా నాలుక చాపే ముందు అతని జేబు వైపు చూసేవాళ్లు.

చివరికి శాఖ కార్యాలయానికి వెళ్లి, అరచేతి కంప్యూటరు తీసి బల్ల మీద పెట్టబోయాడు. “ఇది మీరే ఉంచుకోండి సార్. నాకొద్దు.”

హరిశ్చంద్రప్రసాద్ గారు కుర్చీలోంచి లేచి రెండు చేతులూ అడ్డం పెట్టారు. “జేబునుండి వెలికి తీయకుడు! స్థానభ్రంశము నేరము!”

“పోనీ రాత్రి పడుకునేటప్పుడైనా చొక్కా విప్పుకోవచ్చాండి?”

“చొక్కా విప్పుట మీ ఇష్టము. జేబు విప్పరాదు.”

“మరి నా బ్యాటరీ దరఖాస్తు?”

“నిపుణుల సంఘము కూర్చున్నది. నిర్ణయము రానున్నది.”

నిర్ణయం వచ్చేలోపు కేదారి రోజూ టార్చిలైటు పట్టుకుని టూ ఎయిటీ సిక్స్ వెనక గాలి కన్నాల్లోంచి లోపలికి చూసేవాడు. తెల్ల పొడి చుట్టూ నాచులాంటి ఆకుపచ్చ రంగు మొదలైంది. అది రోజురోజుకీ కిందికి పాకుతోంది. ఆసుపత్రిలో అద్దం అవతల ఉన్న మనిషిని చూసొచ్చినట్టు చూసొచ్చి, అన్నం దగ్గర కూర్చుని కెలికి లేచిపోయేవాడు.

సువర్చలకు అది చూడబుద్ధి కాలేదు. ఒకరోజు కత్తిపీట పక్కన పెట్టి లేచింది. “ఆ సీలు నేను ఊడగొడతాను. మీకు తెలీదని చెప్పండి. ఆడమనిషిని, దుమ్ము దులుపుతుంటే ఊడిందంటాను.”

“దుమ్ము దులపడం కూడా నేరమే,” అన్నాడు కేదారి. “నిన్ను స్టేషనుకి తీసుకెళితే ఆ అక్షరాలు నేనేం చేసుకోను? అవి వేసింది ఎవరి పేరు రాయడానికనుకున్నావు?”

సువర్చల వెనక్కొచ్చి కూర్చుంది. కత్తిపీట ముందేసుకుని, తరిగిన బెండకాయలనే మళ్లీ తరిగింది.

నిపుణుల సంఘం నిర్ణయం వచ్చింది. ‘సదరు బ్యాటరీని తొలగించుటకు అనుమతి ఇవ్వడమైనది. అయితే యంత్రము యొక్క మూతను విప్పరాదు.’ కేదారి దాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు. వెనక వైపు ఏమీ లేదు.

అలా ఉండగా మంత్రిగారు గౌతమీపురం వస్తున్నారని తెలిసింది. ఊరి చివర ప్రాచీన గణన యంత్ర ప్రదర్శనశాల కడతారట. శంకుస్థాపన మంత్రిగారిది, సన్మానం కేదారిది. ప్రదర్శనశాల పూర్తయ్యాక అతని కంప్యూటర్లన్నీ అందులోకి తరలిస్తారని ఆహ్వానంలోనే రాశారు.

“నేను వెళ్లను,” అన్నాడు కేదారి.

“వెళ్లండి,” అంది సువర్చల. “పెద్దాయనతోనే నోరు విడిచి అడగండి. పెట్టె పట్టుకుపోతే పట్టుకుపోనివ్వండి, ముందు ఆ బ్యాటరీ తీయించమనండి.”

షామియానా నిండా జనం. ఊళ్లో డాబాలు ఆగినవాళ్లు, మండపం ఆగినవాళ్లు, కాలువ నీళ్లలో నడిచొచ్చినవాళ్లు అందరూ వచ్చారు. వేదిక మీద కేదారికి శాలువా కప్పారు. హరిశ్చంద్రప్రసాద్ గారు స్వాగతం పలికారు. “కోటలు గోడలతో నిలుచును. కోటలను మించిన ఈ యంత్రములు మన నిబంధనలతో నిలుచును.” కేదారి మంత్రిగారి చెవిలో బ్యాటరీ సంగతి మొదలెట్టబోయాడు. మంత్రిగారు చిరునవ్వుతో భుజం తట్టి, వేదిక దిగి, గుంట దగ్గరికెళ్లి, వెండి తాపీతో సిమెంటు తీశారు. బాజాలు మొదలయ్యాయి.

“ఆగండి!” అంది ఒక ఆడగొంతు.

మంగతాయారు. ముందు వరసలోంచి లేచి నిలబడింది. “అయ్యా మంత్రిగారూ, నమస్కారమండి. ఆ డాక్టరుగారి జేబులో రక్షిత స్మారకం ఉందండి. వంద మీటర్ల లోపల తాపీ ఎత్తకూడదని నా డాబా ఆపేశారండి. నాకైతే కుదరదూ, తమరికైతే కుదురుద్దాండి?”

బాజాలు ఆగిపోయాయి. మంత్రిగారి తాపీ గాల్లో ఉంది, సిమెంటు ముద్ద అంచున ఊగుతోంది. ఆయన హరిశ్చంద్రప్రసాద్ గారి వైపు చూశారు. ఈ సహాయ సంచాలకుల స్థానంలో ఇంకొకరుంటే మంగతాయారును కూర్చోమనేవారు. కానీ ఆయన నిబంధనను నిజంగానే నమ్మిన మనిషి. మంత్రిగారి ముందు వినయంగా చేతులు కట్టుకున్నారు. అయినా చెప్పవలసింది చెప్పారు.

“ఆమె పలికినది సత్యము. తాపీ దించవలసి యున్నది.”

“ఈ డాక్టరుగారిని కాస్త దూరంగా కూర్చోబెట్టండయ్యా,” అన్నారు మంత్రిగారు పళ్ల బిగువున.

“కూర్చుండబెట్టవచ్చును. కానీ భవనము పూర్తియైన పిమ్మట యంత్రములను లోన ప్రవేశపెట్టిన తక్షణమే సదరు భవనము స్మారక పరిధిలోనిదగును. అనగా అక్రమ కట్టడము. కూల్చవలెను.”

“మ్యూజియం కూలుస్తారా?”

“చిత్తము.”

“మరి కంప్యూటర్లు?”

“కూల్చిన పిమ్మట అచ్చట నిరభ్యంతరముగా ఉండవచ్చును.”

ఎక్కడో ఒకరు కిసుక్కుమన్నారు. షామియానా మొత్తం అందుకుంది. సిమెంటు ముద్ద జారి మంత్రిగారి చెప్పు మీద పడింది. ఆ నవ్వుల మధ్య కేదారి ముందుకొచ్చి చేతులు జోడించాడు.

“అయ్యా, నాకు శాలువా వద్దండి, మ్యూజియం వద్దండి. అవి రాళ్లు కావండి, మిషన్లు. కదపకపోతే బతుకుతాయని వీళ్లు అనుకుంటున్నారు. కదపకపోతేనే చచ్చిపోతాయండి. నా పెట్టె ఒకటి ఇప్పటికే లోపల కుళ్లిపోతోంది. వదిలిపెట్టండయ్యా.”

మంత్రిగారు చెప్పు దులుపుకుని కారెక్కారు. అతని మాట విన్నారో లేదో తెలియదు. నవ్వు మాత్రం విన్నారు.

పది రోజుల్లో సవరణ వచ్చింది. ప్రభుత్వం తప్పు చేసిందని అందులో ఎక్కడా లేదు. నిబంధన మరింత కట్టుదిట్టం చేయబడినది, ఇకమీదట పాతికేళ్ల సామాన్య యంత్రములు కాక నూరేళ్లు నిండిన యంత్రములు మాత్రమే ఈ గౌరవమునకు అర్హములు, అని ఉంది. సీళ్లు వేసిన సిబ్బందే వచ్చి సీళ్లు తీశారు. కేదారి జేబు మీది బోర్డును కూడా జాగ్రత్తగా విప్పి పట్టుకుపోయారు. మంగతాయారు ఇంటి మీద ఆ మధ్యాహ్నమే మేస్త్రీల కేకలు వినిపించాయి.

కేదారి అవేవీ వినే స్థితిలో లేడు. స్క్రూలు విప్పి, టూ ఎయిటీ సిక్స్ మూత ఎత్తాడు. పుల్లటి వాసన గుప్పుమంది. బ్యాటరీ పగిలింది. దాని చుట్టూ అరచేతి వెడల్పున రాగి గీతలు ఆకుపచ్చ బూజు కింద కరిగిపోయాయి. అతను అలాగే పీట మీద కూర్చుండిపోయాడు.

“తినేసిందా?” అంది సువర్చల వెనక నుంచి.

“తినేసింది.”

“మొత్తమా?”

అతను భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. “మొత్తం కాదు.”

ఆవిడ వంటింట్లోకెళ్లి వెనిగర్ సీసా, పాత పళ్ల బ్రష్షు తెచ్చి పక్కన పెట్టింది. రోజూ సాయంత్రం రోగులు వెళ్లాక ఇద్దరూ కూర్చునేవాళ్లు. ఆవిడ దీపం పట్టుకునేది. తెగిపోయిన ప్రతి గీత చోటా అతను వెంట్రుకంత తీగ పరిచి టంకం పెట్టేవాడు. తీగ పక్కకి జారితే ఆవిడ “కాస్సేపాగండి,” అనేది. మొదటిసారి కరెంటు ఇస్తే ఏమీ రాలేదు. రెండోసారి పొగ వచ్చింది. ఎన్నోసారో గుర్తులేదు, నల్లటి తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి మిణుకుమంది. డిస్కు గిర్రున తిరిగింది. అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి. అన్నీ రాలేదు. కొన్ని చోట్ల ఖాళీ గళ్లే మిగిలాయి.

కేదారి కళ్లు తుడుచుకుని గళ్ల కాగితం కోసం వెతికాడు.

“ఉండండి,” అని సువర్చల ముగ్గు గిన్నె తెచ్చి, గచ్చు మీద చుక్కలు పెట్టి, ఖాళీగా ఉన్న అక్షరాలు ఒక్కొక్కటీ కలుపుతూ వేసింది. “నేనేస్తాను, మీరు ఎక్కించండి. పాతవాటి కన్నా ఇవే గుండ్రంగా ఉంటాయి.” అవి నిజంగానే గుండ్రంగా ఉన్నాయి.

తర్వాతి ఆదివారం తలుపులు తెరుచుకున్నాయి. అందరికన్నా ముందు మంగతాయారు కొత్త డాబా మీంచి దిగొచ్చి, ఏమీ జరగనట్టే తన ఆట ముందు కూర్చుంది. కాసేపటికి గుమ్మంలో జీపు ఆగింది. గదిలో అందరూ లేచి నిలబడ్డారు. కేదారి రెండడుగులు వేసి టూ ఎయిటీ సిక్స్ కి అడ్డంగా నిలబడ్డాడు.

హరిశ్చంద్రప్రసాద్ గారు ఒక్కరే దిగారు. ఈసారి లక్క లేదు, కొవ్వొత్తి లేదు.

“కంగారుపడకుడు. ఒక సమాచారము నిమిత్తము వచ్చితిని. మీ యంత్రములలో అన్నిటికంటె ముందుగా నూరేళ్లు నిండునది ఏది?”

“ఇదిగోండి, ఈ స్పెక్ట్రమ్. రెండు వేల ఎనభై రెండులో.”

ఆయన ముఖం వికసించింది. “సంతోషము. శాఖను కొనసాగించుటకు అనుమతి లభించినది. రెండు వేల ఎనభై రెండు వరకు పోస్టులన్నియు మంజూరైనవి.”

“అప్పటిదాకా ఏం చేస్తారండి?”

“నిరీక్షింతుము.”

ఆ మాట అన్నాక ఆయనకే ఏమీ తోచలేదు. గదిలో నలువైపులా చూశారు. మంగతాయారు బంతి టకటకా ఇటుకలు పగలగొడుతోంది. ఆయన ఆవిడ వెనక నిలబడి చూడడం మొదలెట్టారు. బంతి పక్కకి వెళితే ఆయన తల పక్కకి వెళ్లింది.

“కూర్చుంటారాండి?” అంది ఆవిడ లేచి.

ఆయన కూర్చున్నారు. జీవితంలో మొదటిసారి ఒక ప్రాచీన సంపద మీట నొక్కారు. బంతి వెంటనే కింద పడింది. మళ్లీ నొక్కారు, మళ్లీ పడింది. మూడోసారి ఒక ఇటుక పగిలింది.

“ఓర్నాయనో, పగిలిందండోయ్!” అని అరిచారు హరిశ్చంద్రప్రసాద్ గారు, తమ కార్యాలయ భాష అంతా మర్చిపోయి.

ఆ రోజు దీపాలు పెట్టేదాకా ఆయన లేవలేదు. సోమవారం ఆఫీసు వేళకు, మొదటి రోగి ఇంకా నాలుక చాపకముందే, వీధిలో జీపు వచ్చి ఆగింది. సహాయ సంచాలకులు దిగారు. ఆయన వెనక సూపరింటెండెంటు, గుమాస్తాలు, డ్రైవరు కూడా దిగారు. “క్షేత్ర పరిశీలన,” అని చెప్పి, అందరూ చెప్పులు విప్పి, వరసగా లోపలికెళ్లి కంప్యూటర్ల ముందు సర్దుకున్నారు. కమడోర్ కీచుమంది. ఈసారి ఎవరూ పరుగెత్తలేదు.

సువర్చల వంటింటి గుమ్మంలో నిలబడి తలకాయలు లెక్కపెట్టుకుని, కేదారిని సైగ చేసి పిలిచింది.

“రెండు వేల ఎనభై రెండు దాకా వీళ్లందరికీ టీలు నేనే కాయాలేంటండీ?”